కాళ్ళ కంపుకి ఏది వాడాలి, నలుపుకి ఏది మానాలి

మా ఇంట్లో నలుగురివి నాలుగు రకాల కాళ్ళు. మా ఆయన బస్సు నడుపుతారు. రోజుకు పది గంటలు ఇంజను వేడి పక్కన, నల్ల బూట్లలో. తమ్ముడు అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు, వాడి కాళ్ళు పూర్తిగా ఆరడమే అరుదు. అమ్మ ముప్పై ఏళ్ళు టిఫిన్ కొట్టులో పెనం ముందు నిలబడింది. నాకేమో రబ్బరు చెప్పు పట్టీ ఆనే చోట తెల్లమచ్చలు వచ్చాయి. ఈ నలుగురికీ మా కావలిలో ఒక మెడికల్ షాపులో వేర్వేరు రోజుల్లో ఒకటే ట్యూబు ఇచ్చారు. "కాళ్ళకేగా, ఇది రాయండమ్మా, తగ్గిపోద్ది" అన్నారు.

ఎవరికీ తగ్గలేదు. తమ్ముడికైతే ముదిరింది. ఆ తర్వాత డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగి, ఇంట్లో చేసి చూసి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మందు పేరు అడగబోయే ముందు కాలు చూడాలి. రెండు కాళ్ళూ కంపు కొట్టినంత మాత్రాన రెండూ ఒకటే జబ్బు కాదు. రంగు మారిన కాళ్ళ సంగతీ అంతే.

వాసన ఎక్కణ్ణించి వస్తుందో ముందు కనుక్కోండి

చెమటకి సొంతంగా వాసన లేదు. మన రెండు పాదాల్లో కలిపి దాదాపు 2,50,000 చెమట గ్రంథులు ఉంటాయి. ఒంట్లో ఇంత దగ్గర దగ్గరగా గ్రంథులున్న చోట్లు చాలా తక్కువ. మూసిన బూటులో ఆ చెమట ఆరదు. చర్మం మీద ఎప్పుడూ ఉండే బాక్టీరియా ఆ చెమటనీ, నానిన మృతచర్మాన్నీ తిని ఐసోవాలెరిక్ యాసిడ్ లాంటివి వదులుతుంది. పులిసిన వాసన దానిదే. కాబట్టి అత్తరు కొట్టినా, సువాసన పౌడరు చల్లినా కంపు మీద ఇంకో వాసన కలుస్తుంది తప్ప పోయేది ఏమీ లేదు.

రాత్రి కాళ్ళు కడిగి తుడుచుకున్నాక టార్చిలైటు వేసి అరికాలు, వేళ్ళ సందులు, మడమ చూడండి. చర్మం బాగానే ఉండి వాసన మాత్రమే ఉంటే అది చెమట గొడవ. అరికాలి మీద సన్నని గుంటలుంటే బాక్టీరియా లోతుకు దిగిందని అర్థం. చివరి రెండు వేళ్ళ సందు తెల్లగా నాని, పాచిపోయి, దురదగా ఉంటే చాలావరకు ఫంగస్. ఒక్క కాలే వాసన వస్తుంటే మాత్రం ఎక్కడైనా పుండు గానీ చీము గానీ ఉందేమో వెతకాలి, ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళయితే ఆ పూటే వెతకాలి.

మా ఆయన కాలు చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. అన్నం తిని మంచం మీద పడుకున్నారు, నేను కాళ్ళ దగ్గర కూర్చుని లైటు వేశాను. మడమ మీద, బొటనవేలి కింద ఎత్తుగా ఉండే చోట, ఇసుక మీద తొలి చినుకులు పడితే గుంటలు పడతాయే, అచ్చం అలా. గుండుసూది తలంత, కొన్ని కలిసిపోయి చింతగింజంత. చుట్టూ చర్మం తెల్లగా, పట్టుకుంటే జిగటగా. నొప్పి లేదు. "ఎన్నాళ్ళ నుంచండీ ఇవి?" అంటే "ఏమో, నేనెప్పుడు చూసుకున్నాను" అన్నారు. అది పిట్టెడ్ కెరటోలైసిస్ అనే జబ్బట. కాలు పది నిమిషాలు నీళ్ళలో నానబెడితే ఆ గుంటలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఎండాకాలం మన నెల్లూరు, ప్రకాశం ఎండలకి రోజంతా బూట్లేసుకునే డ్రైవర్లు, పోలీసులు, సెక్యూరిటీ గార్డులు, చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల్లో నీళ్ళలో గమ్‌బూట్లతో పాలిష్ పట్టేవాళ్ళు, వీళ్ళందరూ ఒకసారి తమ అరికాళ్ళు చూసుకోవాలని నా కోరిక.

చెమట ఒక్కటే అయితే: పటికా, అల్యూమినియం క్లోరైడా, టీ డికాషనా?

పటిక ముక్క ప్రతి ఊళ్ళో దొరుకుతుంది, చవక. తడి కాలి మీద రుద్ది ఆరనిస్తే చర్మం కొంచెం బిగుస్తుంది, చెమట కొంత తగ్గుతుంది. మామూలు వాసనకి, స్కూలు పిల్లలకి ఇది చాలు. మా అబ్బాయికి నేను అదే వాడుతున్నాను.

టీ డికాషన్ కూడా పనిచేసేదే. అందులో ఉండే టానిన్లు చర్మాన్ని బిగిస్తాయి. అర లీటరు నీళ్ళలో రెండు టీ బ్యాగులు పావుగంట మరిగించి, దానికి రెండు లీటర్ల చన్నీళ్ళు కలిపి అరగంట కాళ్ళు పెట్టుకోవాలి. రోజూ చేస్తేనే ఫలితం. రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగి వచ్చిన మనిషి రోజూ అరగంట బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడా అంటే, మా ఇంట్లో నాలుగు రోజులే సాగింది. ఓపిక, తీరిక ఉన్నవాళ్ళకి మంచిదే.

చెమట నిజంగా ఎక్కువగా ఉంటే, అంటే సాక్సు పిండితే నీళ్ళు కారేంత, చెప్పులో కాలు జారేంత ఉంటే, అల్యూమినియం క్లోరైడ్ 20 శాతం ద్రావణం ఈ రెండింటికన్నా బలమైనది. ఇది వాడే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. పొద్దున బూట్లు వేసుకునే ముందు రాస్తారు, మంట పుడుతుంది, మానేస్తారు. రాత్రి పడుకోబోయే ముందు, కాలు పూర్తిగా ఆరాక రాయాలి. తడి మీద రాస్తే మంట. పొద్దున కడిగెయ్యాలి. ఒకటి రెండు వారాలకి చెమట తగ్గుముఖం పట్టాక వారానికి ఒకటి రెండుసార్లు చాలు. చీలికలు, పుండ్లు ఉన్న కాలికి రాయకూడదు.

దీనికీ లొంగకపోతే నీళ్ళలో కాలు పెట్టి సన్నటి కరెంటు పంపే అయాంటోఫొరెసిస్, బోటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి స్కిన్ డాక్టరు చూసి చెప్పాల్సినవి. వెనిగర్ నీళ్ళు, వంటసోడా గురించి కూడా అందరూ అడుగుతారు. వెనిగర్ పలచగా కలిపితే కొంత పనిచేస్తుంది కానీ చర్మం పగిలినచోట భగ్గుమంటుంది. వంటసోడా చర్మాన్ని పొడిబార్చి చిరాకు పెడుతుంది. పటిక దొరికే ఊళ్ళో ఆ రెండూ అక్కర్లేదు.

గుంటలు ఉంటే

ఇక్కడ పటిక ఒక్కటే చాలదు, ఫంగస్ మందుని నమ్ముకోలేం. మా ఆయన క్లోట్రిమజోల్ పౌడరు రెండు నెలలు చల్లుకున్నారు, డబ్బాలు అయిపోయాయి, వాసన అలాగే ఉంది. బాక్టీరియాని చంపే మందు కావాలి. ఒకటి బెంజోయిల్ పెరాక్సైడ్, మొటిమలకి వాడేదే. రెండోది క్లిండమైసిన్, ఫ్యూసిడిక్ యాసిడ్, మ్యుపిరోసిన్ లాంటి యాంటీబయాటిక్ పూతమందు. నన్నడిగితే మొదటిదే ముందు ప్రయత్నించమంటాను, దానికి బాక్టీరియా అలవాటు పడదు. ఒక్క ఇబ్బంది, అది తగిలిన తువ్వాలు, సాక్సు, దుప్పటి రంగు వెలిసిపోతుంది. కాబట్టి పాత తెల్ల సాక్సు తొడుక్కుని పడుకోవాలి. యాంటీబయాటిక్ మాత్రం డాక్టరు రాసిచ్చాకే, చెప్పినన్ని రోజులే. మా ఆయనకి డాక్టరు పూతమందుతో పాటు రాత్రి పూట అల్యూమినియం క్లోరైడ్ కూడా ఇచ్చారు. మూడు నాలుగు వారాల్లో గుంటలు పూడిపోయాయి. అరికాలు మళ్ళీ నున్నగా అయింది. ఇంట్లో బూట్లు విప్పితే ఇప్పుడు ఎవరూ పక్కగదిలోకి వెళ్ళడం లేదు. ఆయనకి అంతకన్నా పెద్ద ఊరట ఏంటంటే, డిపోలో విశ్రాంతి గదిలో బూట్లు విప్పడానికి సిగ్గుపడక్కర్లేదు.

వేళ్ళ సందులు పాచిపోతే

తమ్ముడి కథ ఇదే. మనకి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా. ఆ నెలల్లో గట్ల మీద బురద, గుంటలో నీళ్ళు, రొయ్యల పట్టుబడి రోజైతే తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళలోనే. పైగా గుంటలకి వేసే సున్నం, బ్లీచింగు చర్మాన్ని ఒరిసేస్తాయి. వాడి చిటికెన వేలి సందు విప్పి చూస్తే నానిన అప్పడంలా తెల్లటి పొర, దాని కింద ఎర్రటి పచ్చి చర్మం.

ఆ మెడికల్ షాపు ట్యూబు రాసిన మూడో రోజుకే దురద పోయింది. "అక్కా, భలే మందే ఇది" అన్నాడు. నెల తిరిగేసరికి పాదం పైకి పాకి, అక్కణ్ణించి తొడలకి, నడుముకి తామర వచ్చింది. ట్యూబు అట్ట మీద సన్నక్షరాలు చదివితే అందులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ ఉంది. అది చాలా బలమైన స్టెరాయిడు. స్టెరాయిడు దురదనీ ఎరుపునీ అణిచేస్తుంది, చర్మం రక్షణ శక్తినీ అణిచేస్తుంది. ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి రంగు కూడా మారిపోతుంది. దయచేసి కాలికైనా, గజ్జల్లోకైనా ట్యూబు కొనేముందు అట్ట మీద చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఇలాంటి పేరు కనిపిస్తే డాక్టరు చీటీ లేకుండా తీసుకోవద్దు. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఈ మాట గుర్తుంచుకోండి.

స్టెరాయిడు కలవని మందుల్లో ఏది మేలు? క్లోట్రిమజోల్ అన్నిటికన్నా చవక, రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు రాయాలి. మన పనివాళ్ళు అన్నాళ్ళు రాయరు, అదే దాని లోపం. టెర్బినఫిన్ ఒకటి రెండు వారాలు చాలు, కానీ ఈమధ్య మన దేశంలో దానికి లొంగని ఫంగస్ బాగా పెరిగింది. లులికొనజోల్ రోజుకు ఒక్కసారి, రెండు వారాలు. ధర కొంచెం ఎక్కువైనా రోజుకోసారే కాబట్టి మానకుండా రాస్తారు. కొత్తగా మొదలైన చిన్న సందుకి నేనైతే ఇదే చెబుతాను. తమ్ముడిలా ఒళ్ళంతా పాకితే పూతమందుతో పని జరగదు, డాక్టరు మాత్రలు రాస్తారు.

తడి ఎక్కువ కారుతుంటే పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళు పనికొస్తాయి. లీటరుకి 100 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ వద్దు. నీళ్ళు లేత గులాబీ రంగులో ఉండాలి, ముదురు ఊదా అయితే చర్మం కాలుతుంది. గింజలు పూర్తిగా కరిగాకే కాలు పెట్టాలి, పది పదిహేను నిమిషాలు. గోళ్ళు, చర్మం గోధుమరంగుకి తిరుగుతాయి. ఇదేదో కొత్త జబ్బని కంగారు పడకండి, కొన్నాళ్ళకి అదే పోతుంది. పాత బెంజోయిక్, సాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంటు మందమైన అరికాలికి బాగుంటుంది, పచ్చి సందుల్లో రాస్తే భరించలేని మంట. పసుపు, వేపాకు ముద్ద సంగతంటారా, పైన పెట్టిన ముద్ద సందులో తడిని ఇంకా పట్టి ఉంచుతుంది. అక్కడ కావలసింది ఆరడం. కాళ్ళు కడిగాక ఒక్కో సందునీ విడివిడిగా పాత నూలుగుడ్డతో తుడవడం సగం వైద్యం.

బూట్లు, సాక్సులు

మందుకన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. రెండు వేలు పోసి ఒక జత కొనేకన్నా వెయ్యి చొప్పున రెండు జతలు కొనండి. ఒక జత లోపలి తడి ఆరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఒకే బూటు రోజూ వేస్తే నిన్నటి చెమటలోనే ఇవాళ కాలు పెడుతున్నట్టు. రెగ్జిన్ బూట్లకన్నా తోలువి, తోలుకన్నా కాన్వాసువి గాలి ఆడనిస్తాయి. ఉద్యోగం ఒప్పుకుంటే శాండల్సు అన్నిటికన్నా మేలు. స్కూళ్ళలో నల్ల రెగ్జిన్ బూట్లే పట్టుబడతారు, అలాంటప్పుడు ఇంటికి రాగానే లోపలి అట్ట బయటికి లాగి గాలికి పెట్టాలి. గమ్‌బూట్లయితే కడిగి కర్ర మీద బోర్లించాలి. నిలబెడితే అడుగున నీళ్ళు అలాగే ఉంటాయి.

సాక్సుల్లో నైలాను వద్దు. నూలువి చెమట పీలుస్తాయి, అయితే తడిసిన నూలు తొందరగా ఆరదు. అందుకే మా ఆయన క్యారేజీ సంచిలో ఇంకో జత పెడతాను. మధ్యాహ్నం అన్నం తినే ముందు కాళ్ళు తుడుచుకుని మార్చేస్తారు. అంత చిన్న పనికి ఎంత తేడా ఉందో ఆయనే పదిమందికి చెబుతున్నారు.

ఇక రంగు సంగతి

కాలు నల్లబడిందని వెంటనే తెల్లబరిచే క్రీము కొనకండి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడు మూడూ కలిపిన క్రీములు మొహానికే ఎంతో జాగ్రత్తగా, కొన్ని వారాలే వాడాల్సినవి. నలుపుకి కారణం తియ్యకుండా ఏ క్రీము రాసినా మళ్ళీ నల్లబడుతుంది.

చెప్పు పట్టీలు వదిలేసి మిగతా పాదం నల్లబడితే అది ఎండ. సాక్సో, సన్‌స్క్రీనో చాలు, నెలల మీద తగ్గుతుంది. సరిగ్గా పట్టీ ఆకారంలో దురదతో నల్లబడితే చెప్పు పడలేదని, మార్చాలి. నాకు వచ్చినట్టు పట్టీ ఆకారంలో తెల్లమచ్చలొస్తే రబ్బరులో, అతికించే జిగురులో ఉండే కొన్ని రసాయనాలు రంగు కణాల్ని చంపుతున్నాయని. అందరూ బొల్లి అనేశారు, నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. డాక్టరు నా కాలికన్నా ముందు నా చెప్పు చేతిలోకి తీసుకుని చూశారు. ఆ చెప్పులు మానేసి గుడ్డ పట్టీలకి మారాను, మందు రాస్తున్నాను, అంచుల నుంచి రంగు మెల్లగా తిరిగి వస్తోంది. ఎంత తొందరగా మానితే అంత మంచిది, ఆలస్యమైతే మచ్చలు వేరే చోట్లకీ పాకవచ్చు.

చీలమండ ఎముక మీద నల్లగా, మొద్దుగా ఉంటే బాసింపట్టు వేసుకుని గట్టి నేల మీద కూర్చునే అలవాటు వల్ల. చాపకి బదులు మెత్తటి పరుపు, యూరియా 10 నుంచి 20 శాతం ఉన్న క్రీము. కొబ్బరినూనె మెత్తబరుస్తుంది, మొద్దుని కరిగించలేదు. మడమ పగుళ్ళకీ యూరియా క్రీమే నా ఎంపిక. అమ్మాయిలు పండక్కి పాదాలకి పసుపు, గోరింటాకు పెట్టుకోవడంలో తప్పు లేదు, నల్ల కోన్ మాత్రం వద్దు. అందులో కలిపే జుట్టు రంగు రసాయనం బొబ్బలు తెప్పిస్తుంది, ఆ మచ్చ నెలల తరబడి ఉంటుంది.

అమ్మ కాళ్ళది వేరే సంగతి. చీలమండ పైన లోపలివైపు ఇటుకరంగు నలుపు, సాయంత్రానికి వాపు, పిక్కల మీద ఉబ్బిన నరాలు. నరాల్లో రక్తం నిలిచిపోయి, అందులోని ఇనుము చర్మంలోకి ఊరి ఆ రంగు వస్తుంది. ఆ మచ్చకి ఏ క్రీమూ లేదు. పడుకున్నప్పుడు కాళ్ళ కింద దిండు, రోజంతా బిగుతు మేజోళ్ళు, నరాలకి వైద్యం. షుగరు ఉన్నవాళ్ళు ఆ మేజోళ్ళు వేసేముందు కాలికి రక్తం సరిగా వెళుతోందో లేదో డాక్టరుతో చూపించుకోవాలి. అలాగే వదిలేస్తే అక్కడే మానని పుండు పడుతుంది.

పాదం మీదో కాలి మీదో వెలిసినట్టున్న మచ్చ ఉండి, అక్కడ దూదితో రాస్తే తెలియకపోతే, కుష్ఠు కావచ్చు. భయపడి దాచుకోవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, 6 నెలలో 12 నెలలో వాడితే పూర్తిగా నయమవుతుంది.

ఎప్పుడు ఆగకూడదు

ఎరుపు, వాపు కాలి పైకి పాకుతూ జ్వరం వస్తే, వేలు నల్లబడో చల్లబడో నొప్పి పెడితే, షుగరు మనిషికి ఒక్క కాలే కంపు కొడితే, అరికాల్లో కొత్తగా నల్లమచ్చ పుట్టి పెరుగుతుంటే, పటికా వద్దు, ట్యూబూ వద్దు. ఆ రోజే చూపించాలి. ఒంగోలులో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనూ చర్మ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు కాళ్ళకి పసుపు, నూనె, గోరింటాకు రాసుకోకండి, చర్మం కనపడదు. రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్ళండి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీ అయినవైనా సరే, ఒక కవరులో వేసుకుని వెళ్ళండి.